పడితే లేపగల బండి

మా ఇంట్లో ఆ వేసవి నా కాలి కొలతతో మొదలైంది. డిసెంబరు రెండో వారం, బయట ముప్ఫై ఎనిమిది డిగ్రీల ఎండ. నేను హాల్లో గోడకి వీపు ఆనించి నిలబడితే, మా అత్తయ్య కౌసల్య చిన్న పీట మీద కూర్చుని, జాకెట్లు కొలిచే టేపు పట్టుకుని, కళ్ళు చికిలించుకుంటూ నా కాలి పొడవు కొలిచింది. ఇరవై ఏడంగుళాలంది. ఇంకో అర అంగుళం కలపమని బతిమాలాను.

"నేను కలిపితే మాత్రం నేల పైకి లేచొస్తుందా, సుందరీ?" అంది.

ఆ కొలత మోటారు సైకిలు కోసం. నలభై ఆరేళ్ళ వయసులో, నాలుగడుగుల పదకొండంగుళాల మనిషిని, మెల్‌బోర్న్‌లో మోటారు సైకిలు కొనడానికి బయల్దేరాను. నవ్వుకునేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి, తర్వాత తీరిక ఉండదు.

నేను రక్తం తీసే మనిషిని. ఒక పెథాలజీ కంపెనీలో నాలుగేళ్ళుగా క్యాజువల్. క్యాజువల్ అంటే ఇవాళ సన్‌షైన్‌లో, రేపు వెరిబీలో, ఎల్లుండి ఎక్కడో ఫోన్ వచ్చేదాకా తెలియదు. సూది గుచ్చితే నొప్పి తెలియదని ముసలివాళ్ళు నా చేతినే కోరుకునేవాళ్ళు గాని, మళ్ళీ వారం వాళ్ళొచ్చేసరికి నేనుండేదాన్ని కాదు. అలాంటిది మా మేనేజరు హెలెన్ ఆ నెలలో ఫోన్ చేసి, ఫుట్‌స్క్రే సెంటరు నాకే ఇస్తానంది. పర్మనెంటు. తలుపు తాళం నా దగ్గరే ఉంటుంది, తలుపు మీద నా పేరుంటుంది. మార్చి మొదటి సోమవారం నుంచి, రోజూ పొద్దున్న ఆరుంపావుకల్లా అక్కడుండాలి. ఎలా వస్తావో చూసుకుని ఫిబ్రవరి ఆఖరి శుక్రవారంలోగా చెప్పు, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానంది.

ఎలా వెళ్ళాలన్నదే చిక్కు. మేముండేది ట్రుగనీనాలో. మాకున్నది ఒక్క కారు. మావారు మల్లికార్జున తెల్లవారుజామునే దాన్ని తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోతారు. మా వీధికి మొదటి బస్సు వచ్చేసరికి నా ముసలివాళ్ళు ఫుట్‌స్క్రేలో పరగడుపున క్యూలో ఉంటారు. పోనీ రెండో కారు కొందామా అంటే, ఆ సెంటరు దగ్గర కారు పెట్టుకునే చోటు లేదు, గంట దాటితే ఫైనే. అప్పుడు హెలెన్ మాటల్లో మాటగా ఒకటి చెప్పింది. ఇదివరకు ఆ సెంటర్లో చేసినావిడ చిన్న మోటారు సైకిలు మీద వచ్చేదట, నడిచేవాళ్ళకి అడ్డం లేకుండా ఫుట్‌పాత్ మీద పెట్టుకునేదట. ఇక్కడి రాష్ట్రంలో అది తప్పు కాదట.

ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి నాకు నిద్ర పడితే ఒట్టు. తెనాల్లో డిగ్రీ చదివే రోజుల్లో మా అన్నయ్య హీరో హోండా మీద చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగిన మనిషిని నేను. సీటు చివరికంటా ముందుకి జరిగి కూర్చునేదాన్ని. అప్పటి గాలి ఇరవై నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ మొహానికి కొట్టినట్టయింది.

మావారికి చెబితే మొహం పాలిపోయింది. ఆయన డోహర్టీస్ రోడ్డులో ఒక గిడ్డంగిలో డిస్పాచ్ సూపర్‌వైజరు. రోజంతా లారీలు లోడు చేయించి పంపడమే పని. "నేను రోజూ చూసే లారీలవి. పక్కన కారున్నా కనపడదు వాళ్ళకి. నువ్వు కనపడతావా?" అన్నారు. కోపం కాదు, భయం. నాకు తెలుసు గనక ఎదురు చెప్పలేదు. చెప్పింది మా అత్తయ్య.

ఆవిడ సంగతి కొంచెం చెప్పాలి. రేపల్లె చుట్టుపక్కల ముప్ఫై ఏళ్ళు ఏఎన్ఎంగా చేసింది. టీకాల డబ్బా వెనక కట్టుకుని మోపెడ్ మీద డొంక దారుల్లో తిరిగి కాన్పులు చేసిన చెయ్యి ఆవిడది. మా దగ్గరికి వచ్చి ఏడాదిన్నర అయింది. వచ్చాక ఆవిడకి చెయ్యడానికి ఏమీ లేకపోయింది. రెండు కళ్ళకీ శుక్లాలు. ఆపరేషన్ చేస్తే చక్కగా కనపడుతుందని డాక్టరు చెప్పి ఏడాదైనా, "డెబ్బై ఒకటి వచ్చాయి, ఇంకెన్నేళ్ళు చూడాలని?" అనేది. కొత్త చెప్పులు కొందామన్నా అదే మాట. పొద్దున్న కిటికీ దగ్గర కూర్చునేది, పదకొండింటికి పోస్టతను వస్తే బయటికెళ్ళి అతని చేతికి గ్లాసుడు మజ్జిగ ఇచ్చేది. ఎండలో ఉత్తరాలు తెచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపకూడదట. బ్రెట్ అని అతని పేరు. మొదటిరోజు పాలు విరిగాయేమో అన్నట్టు చూశాడుగాని, తర్వాత్తర్వాత అల్లం లేకపోతే అడిగి వేయించుకునే స్థితికి వచ్చాడు. ఆ మజ్జిగ తప్ప ఆవిడకి ఈ దేశంలో వేరే ఉద్యోగం లేదు.

అలాంటి మనిషి, బండి మాట వినగానే కిటికీ దగ్గర్నుంచి లేచొచ్చింది. "కొనుక్కో. కాని ఒకటే షరతు. పడిన బండిని ఎవరి సాయం లేకుండా లేపగలగాలి. లేపలేని బండి ఎక్కకూడదు," అంది. వాళ్ళ రోజుల్లో కొత్తగా చేరిన ఏఎన్ఎంకి మొదటి పరీక్ష అదేనట. ముందు బండి పడేసి, లేపమనేవారట.

ఇక చూడండి మా ఇంట్లో హడావుడి. అత్తయ్య ట్యాబ్లెట్ ముక్కుకి ఆనించుకుని, ఫోటోలు వేళ్ళతో సాగదీసుకుంటూ పొద్దస్తమానం బళ్ళు వెతికేది. యూనివర్సిటీలో చదివే మా అమ్మాయి తన్మయిని కూర్చోబెట్టి సీటు ఎత్తు, బరువు చదివించేది. అంగుళాల లెక్కలోకి మార్చి తెలుగు క్యాలెండరు వెనక రాయించేది. తన్మయికి మన తెలుగు అర్థమవుతుందిగాని జవాబు ఇంగ్లీషులోనే వస్తుంది. వాళ్ళ నానమ్మకి ఇంగ్లీషు రాదు. అయినా ఇద్దరూ గంటలకొద్దీ వాదించుకునేవాళ్ళు. ఏడాదిన్నరగా ఆ ఇద్దరి మధ్యా "తిన్నావా" తప్ప మాట లేదు. అందుకే ఆ గోల నాకు ఎంతో బావుండేది.

మొదట పెద్ద షోరూముకి వెళ్ళాం, జనవరి మొదటి శనివారం. లోపల వరసగా నిలబెట్టిన బళ్ళను చూస్తేనే నాకు ఒళ్ళు ఝల్లుమంది. కాని ఎక్కితే తెలిసింది. ఈ దేశంలో చిన్న బండి అంటే మన దృష్టిలో పెద్ద బండి. ఒకదాని మీద నా బొటనవేలి కొస మాత్రమే నేలకి తగిలింది. ఇంకోదాని బరువు నూట డెబ్బై కిలోలు. స్కూటర్లు తేలికే కదా అని ఎక్కితే సీటు ఎంత వెడల్పంటే కాళ్ళు చెరోవైపుకీ పోయి గాల్లో ఉండిపోయాయి. సేల్స్ కుర్రాడు ఓపిగ్గా ఒక్కో బండీ చూపించి, చివరికి కొంచెం పొట్టిగా ఉన్నదొకటి తెచ్చాడు. నా పాదాలు సగం ఆనాయి. నా మొహం వెలిగిపోయింది.

అప్పుడు అత్తయ్య ముందుకొచ్చి, ఆ బండిని ఒకసారి నేల మీద పడుకోబెట్టమని అడగమంది. తన్మయి నేలవంక చూసింది. నేనే సిగ్గు విడిచి అడిగాను. అతను విన్నది నిజమో కాదో తేల్చుకోలేక ఇంకోసారి చెప్పించుకుని, మేనేజర్ని పిలుచుకొచ్చాడు. మేనేజరు చాలా మర్యాదగా, కొత్త బళ్ళని మేము పడుకోబెట్టమమ్మా అన్నాడు. "లేపి చూడకుండా ఎవరు కొంటారు?" అని అత్తయ్య తెలుగులోనే అతన్ని అడిగి, నా చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది.

ఆ తర్వాతి వారం ఆవిడే ఒక బండి పట్టింది. ఎర్రగా ఉందట, సీటు కిందకుందట, మనిషి సులువుగా లేపేయొచ్చట. తన్మయి ఇంట్లో లేదు. మావారిని బతిమాలి పాయింట్ కుక్ తీసుకెళ్ళాం. యజమాని గ్యారేజీ తలుపెత్తి బండి బయటికి నడిపించాడు. నా మోకాలి ఎత్తు కూడా లేదు. ఏడేళ్ళ పిల్లల ఆట బండి. మావారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కారులోకి వెళ్ళిపోయారు. పాయింట్ కుక్ నుంచి ఇంటిదాకా ఆయన భుజాలు ఊగుతూనే ఉన్నాయి. నేనూ నవ్వాను. అత్తయ్య మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఫోటోలో పక్కన పూలకుండీ ఉందని, దాన్ని చూసే లెక్క వేశానని, అది కుండీ కాదు టీ కప్పని ఇప్పుడు తెలిసిందని మెల్లగా చెప్పింది. ఇంక మాలో ఎవరమూ నవ్వలేదు.

బండి దొరక్కపోయినా, నేర్చుకునేవాళ్ళకిచ్చే పర్మిట్ తెచ్చుకోవాలి కదా. రెండు రోజుల ట్రైనింగ్, రెండోరోజు మధ్యాహ్నం పరీక్ష. బండి వాళ్ళదే. మా బృందంలో పదిమందిమి. మిగతా తొమ్మిదిమందీ మా తన్మయి వయసువాళ్ళు. ఇన్‌స్ట్రక్టరు పీట్ గడ్డం నెరిసిన మంచి మనిషి. స్టాండు తీసి క్లచ్ వదలగానే బండి కదిలింది. అమ్మయ్యో, ఆ కదలడం. హెల్మెట్ లోపల ఒక్కదాన్నే గట్టిగా నవ్వుకున్నాను. మలుపులు, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం, బ్రేకు అన్నీ బాగానే వచ్చాయి.

పరీక్షలో రెండో గేరు నుంచి మూడుకి వెళ్ళి, స్పీడందుకుని, గీత దగ్గర ఆగాలి. నా ఎడమకాలు ఇరవై నాలుగేళ్ళ కిందటి అలవాటు కొద్దీ గేరుని టప్‌మని కిందకి నొక్కింది. మా అన్నయ్య హీరో హోండాకి అన్ని గేర్లూ కిందకే. ఈ బండికి మొదటి గేరు ఒక్కటే కిందకి, మిగతావన్నీ కాలివేలితో పైకి ఎత్తాలి. కిందకి నొక్కితే మూడు పడాల్సినచోట ఒకటి పడి, బండి కీచుమని వెనక చక్రం ఈడ్చుకుంటూ పక్కకి పోయింది. పడలేదుగాని ఫెయిలయ్యాను. పీట్ దగ్గరికొచ్చి, ఇండియాలో నేర్చుకున్నావా, మీవాళ్ళు చాలామంది ఇదే చేస్తారన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆ బండిని నానా తిట్లూ తిట్టాను. మావారు "పోనీలే" అన్నారు. అంతవరకూ బానే ఉంది. కాని అంటున్నప్పుడు ఆయన మొహంలో కనిపించిన నిశ్చింత నన్ను భగ్గుమనిపించింది. నాలుగేళ్ళు ఎవరో పిలిస్తే పరిగెత్తానని, నాకంటూ ఒక తలుపు వస్తుంటే ఇంట్లో వాళ్ళకే సంతోషంగా లేదని గట్టిగానే అనేశాను. ఆయన పళ్ళెం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నారు.

మర్నాడు అత్తయ్య నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, అట్లకాడ కాడని నా ఎడమకాలి వేళ్ళ మీద అడ్డంగా పెట్టి, పైకెత్తమంది. ఎత్తాను. అబ్బా అన్నాను. బూట్లు తెప్పించి, అవి తొడిగించి మళ్ళీ ఎత్తమంది. మళ్ళీ అబ్బా అన్నాను. ముప్ఫై ఏళ్ళు ఆడవాళ్ళ నొప్పులు చూసిన మనిషి కదా, బూటు విప్పి వేళ్ళు తడిమి చూసింది. వేలి చుట్టూ ఎర్రగా కమిలి ఉంది. పైకి ఎత్తినప్పుడల్లా బూటుకీ వేలికీ మధ్య మట్టె నొక్కుకుంటోంది. అందుకే కాలు పైకి వెళ్ళడానికి జంకి కిందకి పోతోంది.

మట్టెల విషయంలో అత్తయ్య పట్టింపు మీకు తెలియదు. నా పెళ్ళయిన కొత్తలో ఒక మట్టె ఎక్కడో జారిపోతే, అది దొరికేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు ఆవిడ. మామయ్యగారు పోయాక తన కాలివేళ్ళకి మిగిలిన తెల్లటి చారలు చాలా ఏళ్ళు నేను చూశాను. ఆవిడ లేచి వంటింట్లోకెళ్ళి కొబ్బరినూనె గిన్నె తెచ్చింది. మళ్ళీ పీట మీద కూర్చుంది. నా కాలు ఒళ్ళో పెట్టుకుని, రెండు వేళ్ళకీ నూనె రాసి, మెల్లగా తిప్పుతూ మట్టెలు తీసేసింది. కుంకుమ భరిణెలో వేసి మూత పెట్టింది.

"ఇప్పుడు ఎత్తు," అంది.

ఆ తర్వాత మూడు వారాలు మా ఇంట్లో అట్లు వేసినప్పుడల్లా అట్లకాడ కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. నేను కూరలు తరుగుతూ ఎత్తాను, ఫోన్లో మాట్లాడుతూ ఎత్తాను, పూజలో దణ్ణం పెట్టుకుంటూ కూడా ఎత్తాను. ఆవిడ "పైకి, పైకి" అంటూ పక్కనే ఉండేది. ఒకరోజు మావారు డ్యూటీ నుంచి వచ్చి, దూరానికి మెరుస్తూ కనపడే నిమ్మపచ్చ రంగు హైవిజ్ కోటు ఒకటి బల్ల మీద పెట్టారు. నేర్చుకునేవాళ్ళు ఇక్కడ అది తొడుక్కోవాలి. వాళ్ళ గిడ్డంగిలో అన్నిటికంటే చిన్న సైజట, అయినా నాకు మోకాళ్ళ దాకా వచ్చింది. ఆ రాత్రి ఆయనకిష్టమైన గుత్తొంకాయ చేశాను.

ఫిబ్రవరి రెండో శనివారం రెండోసారి పరీక్ష. రెండు నుంచి మూడుకి కాలు పైకి లేచింది. లేచిన సంగతి నాకు తర్వాతే తెలిసింది. పీట్ కాగితం మీద సంతకం పెట్టి చేతికిచ్చాడు. నేను ఎగిరి గంతేసి ఆయన్ని కావలించుకున్నంత పనిచేశాను. పర్మిట్ వచ్చింది, పసుపు రంగు ఎల్ బోర్డు వచ్చింది. బండి మాత్రం రాలేదు. ఆఖరి శుక్రవారం ఇంక పదమూడు రోజులు.

అందులో పది రోజులు గడిచేసరికి ఏడు బళ్ళు చూశాం. ఒకటి అందలేదు, ఒకటి బరువు, రెండు మేం వెళ్ళేసరికే అమ్ముడైపోయాయి. మిగతా మూడింటి యజమానులు బండి పడుకోబెట్టమనగానే తలుపేసుకున్నారు. హెలెన్ రెండుసార్లు ఫోన్ చేసింది. రెండోసారి, ఇంకో అమ్మాయి అడుగుతోందని కూడా చెప్పింది. అత్తయ్య షరతు వదిలేసి ఏదో ఒకటి కొనేద్దామని నేను చిరాకు పడ్డాను. ఆవిడ వినలేదు.

ఆఖరి మంగళవారం నాకు సెలవు. పదకొండింటికి బ్రెట్ వచ్చాడు. అతను వచ్చేది ఇప్పుడు మూడు చక్రాల కరెంటు బండిలో. అత్తయ్య మజ్జిగ ఇస్తూ, ఆ బండి వంక చూస్తూ కాసేపు నిలబడింది. తర్వాత నన్ను కేకేసింది. ఎనిమిదేళ్ళ కిందట ఆవిడ మొదటిసారి చూడ్డానికి వచ్చినప్పుడు, పోస్టువాళ్ళు ఎర్రటి చిన్న బళ్ళ మీద, ఇంటింటికీ ఆగుతూ, రెండు పాదాలూ నేలకి ఆనించి ఉత్తరాలు వేసేవాళ్ళు. అప్పుడు కళ్ళు బాగా కనపడేవి కాబట్టి ఆవిడకి గుర్తుంది.

"అవన్నీ ఏమయ్యాయో అడుగు ఇతన్ని," అంది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఏడాదిన్నరగా రోజూ గుమ్మంలోకి వచ్చే మనిషిని మేం అడగలేదు. బ్రెట్ మజ్జిగ గ్లాసు పట్టుకుని పకపకా నవ్వాడు. ఆ పోస్టీ బైకులేనా, వాటిని వేలం వేసేశారు, నాతో పనిచేసి రిటైరైన షారన్ దగ్గర ఒకటుంది, మోకాలి ఆపరేషన్ అయ్యాక ఎక్కడం లేదు, మంచి చేతికి ఇవ్వాలని చూస్తోందన్నాడు. అక్కడికక్కడే ఫోన్ కలిపాడు. నా ఎత్తు అడిగిందట ఆవిడ. చెప్పాను. అవతల నుంచి ఒక కేక వినపడింది.

సాయంత్రం మావారు రాగానే నలుగురం ఆల్టోనా వెళ్ళాం. షారన్ తలుపు తీసింది. సరిగ్గా నా ఎత్తే. ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలు పంచిందట. తన కాళ్ళకి అందేలా బండి స్ప్రింగులు దింపించి, సీటులో స్పాంజి కోయించుకుంది. రిటైరయ్యాక మొగుణ్ణి బీచికి తిప్పడానికి వెనకాల చిన్న సీటు, కాళ్ళు పెట్టుకునే కడ్డీలు కూడా బిగించుకుంది. గ్యారేజీలోంచి బండి బయటికొచ్చింది. ఎర్రగా, సన్నగా, రెండువైపులా స్టాండ్లతో. నేను ఎక్కి కూర్చున్నాను. పాదాలు రెండూ నేలకి ఆనాయి. మడమలతో సహా ఆనాయి.

అత్తయ్య గొంతు సవరించుకుంది. తన్మయి ఈసారి నేలవంక చూడకుండా, మా నానమ్మకి దీన్ని కింద పడేసి చూపించాలట అని ఇంగ్లీషులో గబగబా చెప్పింది. షారన్ మా అత్తయ్యని తేరిపార చూసింది. "గుడ్ ఆన్ హర్," అని మెచ్చుకుని, బండిని తన చేత్తోనే పచ్చగడ్డి మీద పడుకోబెట్టి, పక్కకి జరిగింది.

నేను హ్యాండిలు పట్టుకుని లాగబోయాను. అత్తయ్య గొంతు వెనక నుంచి వచ్చింది. రేపల్లె కాన్పు గదుల్లో మోగిన గొంతు అది, నేనెప్పుడూ విననిది.

"నడుముతో కాదు, తొడలతో. వెనక్కి తిరిగి వీపు సీటుకి ఆనించు. కిందకి కూర్చో. ఊపిరి బిగబట్టకు. ఊఁ, ఇప్పుడు నెట్టు. ఇంకొంచెం తల్లీ, ఇంకొక్క కొంచెం."

బండి లేచింది. నా వీపు వెనక నిటారుగా నిలబడింది. తన్మయి చప్పట్లు కొట్టింది, షారన్ ఈల వేసింది. మావారు బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లు నొక్కి చూసి, లైటు వేయించి చూసి, మైలేజీ ఎంతిస్తుందని అడిగారు. ఆ ప్రశ్న ఆయన నోట వచ్చిందంటే ఒప్పుకున్నట్టే. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఎల్ బోర్డు తగిలించి, హైవిజ్ కోటు తొడుక్కుని, సముద్రం పక్క రోడ్డు మీదకి తీశాను. క్లచ్ లేదు ఈ బండికి, కాలితో గేరు మారిస్తే చాలు. మూడు వారాల సాధన ప్రకారం వేలు పైకెత్తాను. కదలదే. అప్పుడు గుర్తొచ్చింది, దీనికి అన్ని గేర్లూ కిందకే అని షారన్ చెప్పిన మాట. నా కాలు కిందకి నొక్కింది. రెండు. మళ్ళీ నొక్కింది. మూడు. ఆ కాలు తెనాలిలో పుట్టింటికి పోయినట్టు పోయింది. పిట్ట కొంచెం కూత ఘనం, ఆ చిన్న ఇంజను ఏం పాడిందో. ఎడమవైపు సముద్రం, మొహానికి ఉప్పుగాలి, నాలో ఇరవై రెండేళ్ళ పిల్ల.

తిరిగొచ్చి, షారన్ వాళ్ళ గడ్డి మీద నిలబడే హెలెన్‌కి ఫోన్ చేశాను. వస్తున్నానని చెప్పాను. పైకెత్తడం అంత కష్టపడి నేర్పిస్తే ఈ బండికి అక్కర్లేకపోయిందే అని కారెక్కబోతున్న అత్తయ్యతో అన్నాను. "నీ కాలు తప్పు కాదని అప్పుడే తెలుసు. బండే వేరు," అంది.

ఆదివారం పూజ. పసుపు, కుంకుమ, హ్యాండిలుకి బంతిపూలు, చక్రాల కింద నిమ్మకాయలు. నొక్కే గేరుకి మట్టెలు అడ్డం రావు గనక, అత్తయ్య భరిణె తెచ్చి మళ్ళీ నా వేళ్ళకి తొడిగింది. నిమ్మకాయలు చితికాక, ఎవరూ అనకుండానే, చీర కుచ్చిళ్ళు సర్దుకుని వెనక సీటెక్కి కూర్చుంది. ఒక చెయ్యి నా భుజం మీద వేసి, కొత్త బండి మొదటి తిప్పు గుడికే, పద అంది.

తన్మయి మెల్లిగా దగ్గరికొచ్చింది. "నానమ్మా, సారీ. ఎల్ బోర్డ్ ఉంటే వెనక ఎవరూ కూర్చోకూడదు. ఫుల్ లైసెన్స్ వచ్చేదాకా, లైక్, త్రీ ఇయర్స్," అంది. అంత తెలుగు ఒక్కసారిగా దాని నోట నేనెప్పుడూ వినలేదు. అత్తయ్య చెయ్యి నా భుజం మీద అలాగే ఉంది. మూడేళ్ళా, అంది. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. తర్వాత దిగి, లోపలికి వెళ్ళిపోయింది. నాకు గుడికి వెళ్ళాలనిపించలేదు.

సోమవారం తెల్లవారుజామున చీకట్లోనే బయల్దేరాను. డోహర్టీస్ రోడ్డు ఎక్కేసరికి లారీలు మొదలయ్యాయి. ఒక పెద్ద లారీ నా వెనక చాలా దూరం ఆగి ఆగి వచ్చింది, దాటేటప్పుడు పక్క లైనులోకి పూర్తిగా జరిగింది. డ్రైవరు చెయ్యెత్తాడు. ఇంకోడూ ఎత్తాడు. మూడోవాడు కూడా చెయ్యెత్తేసరికి నాకు సంగతి అర్థమైంది. ఐదున్నర తర్వాత ఎర్ర పోస్టీ బైకు మీద ఒక పొట్టి మనిషి వస్తుంది, ఆవిడ మా ఆవిడ అని మావారు ముందే లోడింగ్ దగ్గర అందరికీ చెప్పిపెట్టారన్నమాట. ఆ మనిషిని నేను ఎంతలేసి మాటలన్నానో అనుకుంటే హెల్మెట్ లోపల కళ్ళు మసకబారాయి. ఆరూ ఐదుకి ఫుట్‌స్క్రేలో, ఫుట్‌పాత్ మీద బండి పెట్టి, నా తాళంతో నా తలుపు తీశాను. మొదటి పేషెంటు ఒక గ్రీకు ముసలాయన. రేపూ నువ్వేనా అని అడిగాడు. రేపూ నేనే అన్నాను.

మూడింటికి ఇంటికొచ్చేసరికి అత్తయ్య ఉత్తరాల డబ్బా దగ్గర నిలబడి ఉంది, చేతిలో మజ్జిగ గ్లాసుతో. బ్రెట్ ఎప్పుడో వెళ్ళిపోయుంటాడు. అది నాకు. నేను బండి ఆపగానే గ్లాసు ఇచ్చి, నేను తాగేదాకా ఆగింది.

"ఆ కళ్ళ డాక్టరుకి ఫోన్ చేసి రోజు చెప్పమను," అంది.

నాకు అర్థం కాలేదు. ఇప్పుడెందుకత్తయ్యా, ఏమైంది, నొప్పిగా ఉందా అని అడిగాను.

"మూడేళ్ళకి నాకు డెబ్బై నాలుగు. వెనక కూర్చుంటే దారి కనపడొద్దూ?" అని, నా చేతిలోంచి హెల్మెట్ తీసుకుని, తలకి పెట్టుకుని చూసుకుంటూ లోపలికి నడిచింది.